మూగమూల

‘కట్టడి’ – పద్నాలుగవ భాగం

పోయిన వారం మనం సుమిత్రను బోరింగు గద్దె మీద, చేతిలో ఖాళీ చెంబుతో వదిలిపెట్టి వచ్చాం. మళ్లీ అక్కడికే పోదాం.

ఈదులవాయిలో బొడ్రాయి పండుగ జరుగుతోంది. ఊరి నడిమధ్యన ఉన్న పాత రాయి ఒరిగిపోయిందని కొత్త రాయి నిలబెడుతున్నారు. పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలందరూ ఈ పండుగకు పుట్టిన ఊరికి రావాలి, ఒడిబియ్యం పోయించుకోవాలి. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపే మగణ్ణి, అత్తనూ వదిలి సుమిత్ర అందుకే వచ్చింది. పొద్దున్నే పొలిమేర చుట్టూ పొలి చల్లారు. పొలి అంటే బలి నెత్తురు కలిపిన బియ్యం. దారులన్నిటికీ తుమ్మకంప అడ్డం వేశారు. రేపు పొద్దు పొడిచి రాయి నిలబడేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు గీత దాటకూడదు. దీన్నే కట్టడి అంటారు. కంప వేసిన రెండు గంటలకు, ఎవరూ ఎరగని ముసలామె ఒకతె బోరింగు దగ్గరికి వచ్చి సుమిత్ర చేతి నీళ్లు తాగింది. "కట్టడి ఇప్పిండ్రా బిడ్డా?" అని అడిగింది. ఆమె తాగగా మిగిలిన నీళ్లు సుమిత్ర తాగి, చెంబు దించి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు.

అది పొద్దుటి మాట. ఇప్పుడు పగలు రెండు గంటలవుతోంది, ఎండ మండిపోతోంది. తమ్ముడు మహేందర్ ఇంట్లో సుమిత్ర మంచానికి అతుక్కుపోయింది. వాంతులూ విరేచనాలూ మొదలై మూడు గంటలే అయినా కళ్లు గుంటలు పడ్డాయి, వేళ్ల కొసలు ముడతలు పడి చల్లబడ్డాయి. కొత్త చీర మీద ఒడిబియ్యపు పసుపు ఇంకా ఆరలేదు.

ఊరి ఆశా కార్యకర్త కవిత వచ్చి చెయ్యి పట్టి చూసింది. ఆమె మెత్తగా మాట్లాడే మనిషి కాదు, అబద్ధం చెప్పే మనిషి అసలే కాదు.

"అన్నా, నా కాడ ఓఆర్ఎస్ పాకెట్లే ఉన్నయి. తాగింది తాగినట్టు కక్కుతాంది. సెలైన్ ఎక్కియ్యాలె, గంటల జగిత్యాల దవఖానల ఉండాలె. లేకుంటె నాకు భయమైతాంది."

"కంప ఏసిండ్రు గద చెల్లె."

"కంప తీయించు" అంది కవిత.

చెప్పినంత తేలికా! మహేందర్ పండుగ కమిటీలో ఉన్నవాడే. కోరుట్లలో ఫ్లెక్సీల షాపు నడుపుతాడు కాబట్టి ఊరి ఆర్చీకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఊరి చరిత్ర, ఊరి నక్షా అన్నీ అతని చేతి పనే. ఆ చరిత్రలో మొదటి మాటే అతని ముత్తాత గురించి: ‘గత్తర రోజుల్లో కట్టడి కట్టించి ఊరిని కాపాడిన భూమన్న గౌడ్.’ గత్తర అంటే కలరా. అలా రాసుకున్నవాడు పోయి కట్టడి విప్పమని అడగాలి. అడిగాడు. అక్క ప్రాణం ముందు సిగ్గేమిటి?

కమిటీ అధ్యక్షుడు రమేశ్ షామియానా కింద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. ముఖంలో పండుగ కళ లేదు.

"మహేందరూ, ఒక్కలు దాటితె ఊరంత దాటినట్టే. మూడు వందల ఇండ్ల మంచి చెడ్డ ఇది. నేను తియ్య" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకోటున్నది. పొద్దుగాల ఆడబిడ్డల బంతిల పదకొండు ఇస్తార్లు ఎక్కువ లేచినయి. తిన్న ఇస్తార్లే. ఎవలు తిన్నరో వడ్డించినోళ్లకే ఎర్కలేదు. మా అవ్వకు చెప్తె నెత్తి కొట్టుకుంటాంది. మూగమూల కాడ పొలి వంకర తిరగలేదట గద? నక్షా గీసింది నువ్వేనాయె."

మహేందర్ ఫోను తీసి నక్షా మళ్లీ చూసుకున్నాడు.

మూగమూల సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, అంటే తెలుసని అనుకుంటారు. వాగు వైపు పొలిమేర ఒకచోట లోపలికి వంగుతుంది. ఊరంతా ‘పొలో పొలి’ అని అరుస్తూ నడిచేవాళ్లు ఆ వంపు దగ్గర నోరు మూసుకుని, తల దించుకుని, ఎడమకు తిరిగి వెళ్లాలి. అక్కడ అమ్మవారు నిద్రపోతుందని, లేపకూడదని పెద్దలు చెబుతారు. మహేందర్ కూడా ఫ్లెక్సీ మీద అదే రాశాడు. అయితే ఫోన్లో మ్యాపు పెట్టుకుని నక్షా గీసేటప్పుడు ఆ వంపు చూడటానికి బాగాలేదు. గీత అనేది తిన్నగా ఉండాలన్నది వాడి వృత్తిలో మొదటి పాఠం. సాపు చేసేశాడు. ఈ ఎండలో పన్నెండు కిలోమీటర్లు ఎవడు నడుస్తాడని కమిటీ వాళ్లు పొలిని ట్రాక్టర్ మీంచి చల్లించారు. ట్రాక్టర్ ఆ నక్షా ప్రకారమే తిన్నగా పోయింది. ఎన్నేళ్లనుంచో పొలిమేర బయట ఉన్న ఆ ఎకరం నేల ఈ ఉదయం ఊరి లోపలికి వచ్చింది.

నడవాల్సిన మనిషి లేకనా? ఉన్నాడు. తరతరాలుగా పొలి గంప ఎత్తుకుని ముందు నడిచేది ఎర్రయ్య ఇంటివాళ్లు, ఊరి కావలికారు వంశం. ఈ కవిత ఆయన మనుమరాలే. కొడుకూ కోడలూ చర్చికి పోతున్నారని, పండుగ పిలుపు వాళ్ల వాడ మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. చర్చికి పోయే ఇంటికి పొలితో ఏం పని అని కమిటీలో ఒకరన్నారు, మిగతావాళ్లు తలలూపారు. ఊపిన తలల్లో మహేందర్‌దీ ఒకటి.

"పోయి ఎర్రయ్యను పట్టుకరా" అన్నాడు రమేశ్. "ఆ వంపు కాడ మల్ల నడిచి, పాత తీర్గ కట్టు కట్టమను. అదొక్కటి సక్కగైతె, ఇగ కంప జరిపి మీ అక్కను పంపుడు నేను చూసుకుంట. నా మాట."

మహేందర్ పరుగెత్తాడు.

ఊరు విచిత్రంగా ఉంది. పండుగ ఊళ్లో ఉండాల్సిన రొద లేదు. డీజే ఆపేశారు. గడపల్లో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు కానీ ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వాడ వైపు తిరిగే మూల మీద ముగ్గురు నలుగురు వెనక నడుస్తున్న చప్పుడు వినిపిస్తే మహేందర్ పక్కకు జరిగి దారిచ్చాడు. ఎవరూ దాటిపోలేదు. ఎండలో తన నీడ ఒక్కటే కాళ్ల దగ్గర పడి ఉంది. ఆ తర్వాత వాడు వెనక్కి చూడలేదు, నేనైనా చూసేవాణ్ణి కాదు.

ఎర్రయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు. రేకుల షెడ్డు నీడ వదిలేసి వాకిట్లో నడి ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వాగు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. పక్కనున్న పిట్టగోడ మీద స్టీలు గ్లాసులు వరసగా నీళ్లతో పెట్టి ఉన్నాయి. వద్దనుకుంటూనే మహేందర్ లెక్కపెట్టాడు. పదకొండు.

"తాతా."

"రా మహేందరూ. ఆ గ్లాసులకు తాకకుండ రా."

మహేందర్ అంతా చెప్పాడు. అక్క సంగతి, నక్షా సంగతి, రమేశ్ ఇచ్చిన మాట. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. పిలవకపోవడం కూడా తప్పేనన్నాడు. చివర్లో వంగి ఆయన కాళ్లు పట్టుకోబోతే ఎర్రయ్య కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"అయితె నన్ను పోయి మల్ల వంకర కట్టుమంటవు."

"అవు తాతా. ఒక్కసారి నడువు. బండి మీద కూసోవెట్టుకొని తీస్కపోత."

"నడువ."

అంత ప్రశాంతంగా అన్నాడు కాబట్టి మహేందర్‌కు వెంటనే అర్థం కాలేదు.

"గా మూల ఎందుకు వంకర తిరిగిందో నీకెర్కేనా? ఫ్లెక్సీ మీద ఏమో రాసినవట గద, అమ్మవారు పండుకున్నదని."

"పెద్దలు చెప్పిందే రాసిన."

"ఏ పెద్దలు? మా పెద్దలను అడిగినవా?"

మహేందర్ ఊరి చరిత్ర కోసం రెండు నెలలు తిరిగాడు, ఎందరో ముసలివాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేశాడు. ఈ వాడలోకి ఒక్కసారి కూడా రాలేదు.

"మా వాడ మొదాలు గీడ లేకుండె" అన్నాడు ఎర్రయ్య. "వాగు ఒడ్డుకు, గా మూగమూల కాడ ఉండె. పది గుడిసెలు. నైజాం కాలంల గత్తర అచ్చింది. ముందుగాల మా గుడిసెలకే తాకింది. ఊరోళ్లు కూడిండ్రు, కట్టడి కట్టాల్నన్నరు. మా తాత బక్కయ్య కావలికారు. గా రాత్రి కచీర్ల కావలికి ఊళ్లె ఉండె. పొలి గంప ఆయన నెత్తిన పెట్టి నడువుమన్నరు. నడిచిండు. వాగు దాక అచ్చినంక, గుడిసెలను లోపట్కి తీసుకోకు, గీడ్నుంచి ఎడుమకు మర్లుమన్నరు."

ఎర్రయ్య గొంతు పెంచలేదు. లెక్క అప్పజెప్పే మనిషిలా చెప్పుకుంటూ పోతున్నాడు, అదే వినలేకుండా ఉంది.

"అవుతల మా తాత పెండ్లాం నర్సవ్వ, ఇద్దరు ఆడపోరగాండ్లు, తల్లి, ఇంకా ఏడుగురు. మా తాత తన చేతులతోని పొలి చల్లుకుంట తన పెండ్లాం పిల్లలను అవుతలికి చేసిండు. దూప అని అరిస్తె గూడ నీళ్లియ్యొద్దు, గీత దాటొద్దు. ఏడు రోజులు. తర్వాత అరుసుడు బందయింది."

"మరి మా ముత్తాత?" మహేందర్ అడగలేక అడిగాడు.

"కంప కొట్టింది ఆయన్నే. అబద్ధమెందుకు, మంచి గూడ చెప్త. పొద్దుగూకంగ రోజొక కల్లుకుండ గీత మీద పెట్టి అచ్చేటోడట, ఎవలన్న తీసుకుంటరని. ఏడో రోజుదాక కుండ ఖాళీ అయ్యేదట. ఎనిమిదో రోజు నిండు కుండ అట్లనే ఉన్నది. గది చూసి ఏడ్సిండట. ఏడ్సిండు గని కంప తియ్యలె."

ఆర్చీకి కట్టిన ఫ్లెక్సీ గుర్తొచ్చింది మహేందర్‌కు. భూమన్న ఫోటో లేకపోతే తన తాత ముఖానికి మీసాలు పెంచి తానే తయారుచేశాడు. ఊరిని కాపాడాడని ఎర్ర అక్షరాలు, కింద నీడ కూడా వేశాడు. ఇప్పుడే పోయి దాన్ని చింపేయాలనిపించింది.

"మా తాత మల్ల మనువాడిండు, మా నాయిన పుట్టిండు. పొలి నడిచేటప్పుడు గా వంపు కాడ ఏం చెయ్యాల్నో ఆయనకు నేర్పిండు, ఆయన నాకు నేర్పిండు. మీరు నోరు మూసుకొని నడుస్తరు, అమ్మవారు లేస్తదని. మేం ఎందుకు అరువమో చెప్పాల్నా? మా నోట్లె పేర్లుంటయి. పదకొండు పేర్లు లోపట లోపట అనుకుంట నడుస్తం. ఇగ అరుసుడు ఎట్లయితది?"

గాలి లేదు. అయినా గోడ మీది చివరి గ్లాసు చిన్నగా కదిలి గోడకు తగిలింది. అందులో నీళ్లు వేలెడంత తగ్గి ఉన్నాయి. ఎండకు ఇగిరిపోయాయనుకుందాం. మిగతా పది నిండుగా ఎందుకున్నాయని మాత్రం అడగకండి.

"ఇన్నేండ్లకు నీ ఫోను తప్పు చేసింది. మావోళ్లు లోపట్కి అచ్చిండ్రు. ఇస్తార్లల్ల బువ్వ తిన్నరు. రేపు పొద్దున రాయి నిలబడితె ఇగ ఎవ్వలు తియ్యలేరు, ఊరోళ్లయితరు. మా తాతతోని ఒక్కపారి ఎల్లగొట్టిచ్చిండ్రు. మల్ల నాతోని ఎల్లగొట్టిస్తవా కొడుకా?"

మహేందర్ వాకిట్లో కూలబడ్డాడు. ఎవరి వైపు న్యాయముందో తెలియనంత మూర్ఖుడు కాదు. కానీ అక్క! తల్లి పోయాక తనను పెంచింది ఆ అక్కే. న్యాయం ఎటున్నా ఆ ముడతలు పడ్డ వేళ్లు కళ్లముందు నుంచి పోవడం లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. దాచుకోలేదు.

అప్పుడే కవిత పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, అక్కకు నాడి దొరుకుతలేదు సక్కగ. నీ ట్రాలీ ఆటోల పరుపేసి పండవెట్టిన. వంకర కడ్తరో సాపు కడ్తరో నాకెర్కలేదు. తాతా, గా గత్తరప్పుడు సెలైన్ లేకుండె. ఇప్పుడున్నది. ముప్పై కిలోమీటర్ల దూరంల ఉన్నది. నడుమ ఉన్నది తుమ్మకంపే."

ఎర్రయ్య మళ్లీ వాగు వైపు తిరిగాడు. పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. ఏమనుకుంటున్నాడో మహేందర్‌కు ఇప్పుడు తెలుసు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు.

"నన్ను బండెక్కియ్యి."

"మూగమూలకా తాతా?"

"కాదు. కంప కాడికి."

రాయికల్ దారికి అడ్డంగా మనిషెత్తున తుమ్మకంప ఉంది. దాని ముందు రమేశ్, మరో పదిమంది కర్రలతో నిలబడ్డారు. ట్రాలీ ఆటో ఆగింది. వెనక పరుపు మీద సుమిత్ర, పక్కన కవిత. ముందు నుంచి ఎర్రయ్య దిగాడు.

"కట్టినవా?" అన్నాడు రమేశ్.

"కట్టలె. ఇప్పుతాన్న."

కర్రలు లేచాయి. ముసలాయన వాటి వైపు చూడనైనా చూడలేదు.

"రమేశ్ పటేలా, ఈ ఊరి కట్టు కట్టేది నా ఇల్లు, ఇప్పేది నా ఇల్లు. నన్ను పిలువకుండ కట్టుకున్నరు, అది కట్టే కాదు. నన్ను కొట్టుండ్రి, కొట్టినంక గీ కంప ఎవలు తీసినా ఎవలు పెట్టినా ఊరికి మంచిది గాదు. చెప్పుతున్న."

ఎవరూ కదల్లేదు. నమ్మకమో భయమో, ఊరిని కట్టేసేది ఆ రెండే. ఎర్రయ్య ఒట్టి చేతులతో కంప పట్టుకుని లాగాడు. ముళ్లు దిగి మణికట్ల నుంచి నెత్తురు కారింది. మహేందర్ దూకి ఇంకో కొస పట్టుకున్నాడు.

"తాతా, ఇది తీస్తె కట్టు పోతది. మరి నీవోళ్లు?"

"పోతరు" అన్నాడు ఎర్రయ్య. "మల్ల అవుతలికే పోతరు. నాకెర్కే. కని కంప ఇవుతల ఒక ఆడబిడ్డ సస్తాంటె సూసుకుంట కూసుంటె, నాకు నీ ముత్తాతకు ఏం ఫరకున్నది? మా తాత నన్ను తిట్టినా మంచిదే. నర్సవ్వ మాత్రం తిట్టది."

దారి తెరుచుకుంది. ముసలాయన పక్కకు జరిగి, నెత్తురు చేతులు తుడుచుకోకుండా, ఊరి వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దగా, మొట్టమొదటిసారి బయటికి, పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ విని రమేశ్ ఒక్కొక్క అడుగు వెనక్కి వేశాడు.

మహేందర్ ఆటో ఎక్కి గేరు వేశాడు. ముందు చక్రం పొలి బియ్యం మీదికి ఎక్కగానే బండి వెనక భాగం ఒక్కసారి కిందికి దిగింది, ఎవరో కాలు పెట్టి ఎక్కినట్టు. మళ్లీ దిగింది. మళ్లీ. స్ప్రింగు పట్టీలు కిర్రుమన్నాయి. వెనక బరువుకు ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ చేతుల్లో ఊగింది. కోరుట్లలో ఇనుప ఫ్రేములు నిండా వేసినప్పుడు కూడా ఈ బండి ఇంత బరువు లాగలేదు.

అద్దంలో చూశాడు. సుమిత్ర కళ్లు మూసుకునే ఉంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. కవిత, బలి ఏమిటి పొలి ఏమిటి అని ఎప్పుడూ కోప్పడే కవిత, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఒక మూలకు సర్దుకుంటోంది. ఖాళీ ట్రాలీలో ఎవరికో చోటు ఇస్తున్నట్టుగా, చున్నీ కూడా దగ్గరికి లాక్కుంది.

"అన్నా" అంది, వాడి వైపు చూడకుండా. "జర మెల్లగ పోనియ్యి. అందరు దవఖానకే అస్తున్నరు."